హిసాబు డబ్బులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నట్టు?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



శుక్రవారం ఒక్క రోజే సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, నిద్ర పోవాలి. అవన్నీ పక్కన పెట్టి సల్మాబాద్ నుంచీ, సిత్రా నుంచీ, అస్కర్ క్యాంపుల నుంచీ బస్సు కట్టుకుని వచ్చారు. కాబట్టి ఉపన్యాసం చెప్పను. డబ్బు సంగతి చెప్తా. మీ డబ్బు సంగతి.

నేను వకీలును కాను. ఇరవై ఒక్క ఏళ్ల కింద హెల్పర్‌గా వచ్చాను. తర్వాత టైమ్ కీపర్ని అయ్యాను, ఇప్పుడు అకౌంట్స్ సెక్షన్‌లో జీతాల పట్టీలు రాస్తున్నాను. అంటే మీకు కోతలు పడే కాగితం నా చేతి మీదుగానే వెళ్తుంది. (నవ్వులు.) నవ్వండి, ఫర్వాలేదు. ఆ కాగితం ఎలా తయారవుతుందో తెలుసు కాబట్టే నన్ను మాట్లాడమన్నారు.

పోయిన ఏడాది మార్చిలో మెట్‌పల్లి దిక్కు తమ్ముడు ఒకతను రాత్రి పదకొండు గంటలకు నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. షట్టరింగ్ కార్పెంటర్. ఒకే కంపెనీలో పద్నాలుగేళ్లు చేశాడు. నడుము నొప్పి ఎక్కువై, ఇక చాలు అనుకుని రాజీనామా ఇచ్చాడు. మూడు రోజుల్లో టికెట్. ఆ ఫోటోలో ఒక కాగితం. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, కంపెనీతో ఇక ఏ లెక్కా లేదు' అని దాని సారాంశం. సంతకం చేసే చోటు ఖాళీగా ఉంది. కింద అతని మెసేజ్: "అన్నా, ఇండెమ్నిటీ మొత్తం ఇప్పుడు గవర్నమెంటే ఇస్తదట, కంపెనీకి సంబంధం లేదంటున్రు. గోసీల చూస్తే 120 దినార్లే ఉన్నయి. పద్నాలుగేండ్లకు ఇంతేనా?"

ఇంతేనా అంటే, కాదు. అతనికి కంపెనీ నుంచి ఇంకా 1,380 దినార్లు రావాలి. ఆ రాత్రి అతను సంతకం పెట్టి ఉంటే మూడు లక్షల రూపాయలు ఆ కాగితం మీదనే ఉండిపోయేవి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ 120కీ ఆ 1,380కీ మధ్య ఉన్న తేడా గురించే.

ముందు పాత పద్ధతి. బహ్రెయిన్‌లో ప్రైవేటు కంపెనీల కార్మికులకు 2012 నాటి 36వ నంబరు లేబర్ చట్టం ఉంది. విదేశీ కార్మికుడు పని మానేసినప్పుడు మొదటి మూడేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ నిండు నెల జీతం చొప్పున కంపెనీ ఇవ్వాలి. ఏడాది నిండకపోతే ఎన్ని నెలలైతే అన్ని నెలల వాటా. దీన్నే ఇండెమ్నిటీ అంటున్నాం, మన క్యాంపుల్లో 'హిసాబు' అంటాం. జీతం అంటే ఇక్కడ బేసిక్ జీతం, సోషల్ అలవెన్స్ ఉంటే అదీ. ఓవర్ టైమ్ రాదు, తిండి డబ్బులు రావు. చేతికి నెలకు 180 దినార్లు వస్తున్నాయి కదా అని దాని మీద లెక్క వేసుకుని ఇంటి దగ్గర ఎవరికో మాట ఇచ్చేసిన వాళ్లను చూశాను. బేసిక్ 100 ఉంటే లెక్క 100 మీదే.

ఈ పద్ధతిలో తప్పు ఎక్కడుంది? చట్టంలో లేదు. డబ్బు ఎక్కడ ఉంది అన్న దాంట్లో ఉంది. పదేళ్ల మీ హిసాబు కంపెనీ పుస్తకంలో ఒక అంకె మాత్రమే. నిజంగా ఎక్కడా దాచిపెట్టి ఉండదు. మీరు పోయే రోజున కంపెనీ దగ్గర డబ్బుంటే ఇస్తుంది. ప్రాజెక్టు ఆగిపోయి, బిల్లులు రాక, ఓనరు చేతులెత్తేస్తే? రెండు నెలల జీతం, టికెట్టు వస్తే చాలు, హిసాబు వద్దులే అని దండం పెట్టి విమానం ఎక్కిన వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, మళ్లీ ఇంకో వీసా మీద వచ్చారు. చేతులు ఎత్తమని అడగను.

అందుకని ఇక్కడి ప్రభుత్వం నిబంధన మార్చింది. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కంపెనీ మీ హిసాబును చివరిదాకా తన దగ్గర పెట్టుకోకూడదు. నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ ఆర్గనైజేషన్‌కు కట్టాలి. పేరు మారినా మనం ఇప్పటికీ గోసీ అనే అంటాం, నేనూ అదే అంటాను. సర్వీసు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లకు జీతంలో 4.2 శాతం, మూడేళ్లు దాటిన వాళ్లకు 8.4 శాతం. మీరు పని వదిలినప్పుడు గోసీయే మీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది.

ఈ 4.2, 8.4 ఎక్కడివి అని ఒకాయన అడిగాడు. కొత్త అంకెలేం కావు. ఏడాదికి సగం నెల జీతాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 4.17 శాతం వస్తుంది. నిండు నెల జీతాన్ని పంచితే 8.33. దాన్నే కాస్త పైకి సరిచేశారు. 100 దినార్ల బేసిక్ ఉన్న కొత్త పిల్లాడి పేరు మీద నెలకు 4 దినార్ల 200 ఫిల్సులు పడాలి. మూడేళ్లకు 151 దినార్ల 200 ఫిల్సులు. పాత లెక్కలో అయితే 150. అంటే హక్కు అదే, డబ్బు ఉండే చోటు మారింది. నా మటుకు నాకు ఇది మంచి మార్పు. మన డబ్బు కంపెనీ కష్టసుఖాలతో ముడిపడకుండా పోయింది. మన డబ్బు గవర్నమెంటు పట్టుకుపోతోంది అని క్యాంపుల్లో ప్రచారం జరిగింది, అది తెలియక అన్న మాట.

ఇప్పుడు అసలు మెలిక. కొత్త నిబంధన 2024 మార్చి 1 నుంచి జరిగే సర్వీసుకే. అంతకు ముందు మీరు చేసిన సర్వీసు హిసాబు గోసీకి పోలేదు. అది ఇంకా కంపెనీ బాకీయే. మీరు మానేసిన రోజున కంపెనీయే ఇవ్వాలి. అంటే పాతవాళ్లందరికీ ఇప్పుడు రెండు మూటలున్నాయి. ఒకటి గోసీ దగ్గర, రెండోది కంపెనీ దగ్గర. పాతవాళ్లకు రెండోదే పెద్దది.

మెట్‌పల్లి తమ్ముడి లెక్క చూడండి. బేసిక్ 120. 2011 మార్చి మొదట్లో చేరాడు. 2024 ఫిబ్రవరి ఆఖరుకు పదమూడేళ్లు. మొదటి మూడేళ్లకు 60 చొప్పున 180. తర్వాత పదేళ్లకు 120 చొప్పున 1,200. రెండూ కలిపి 1,380, ఇది కంపెనీ బాకీ. ఆ తర్వాత ఒక్క ఏడాది కొత్త పద్ధతి. నెలకు 10 దినార్ల 80 ఫిల్సుల చొప్పున పన్నెండు నెలలకు 120 దినార్ల 960 ఫిల్సులు గోసీలో పడ్డాయి. అతనికి చూపించింది ఈ ఒక్క మూటను. కంపెనీ మందూబ్ కావాలని అన్నాడా, వాడికే తెలియక అన్నాడా నేను చెప్పలేను. కాగితం మాత్రం ముందే టైపు చేసి రెడీగా ఉంది.

ఆ రాత్రి ఒకటే చెప్పాను. సంతకం పెట్టకు, టికెట్ వాయిదా వేసుకో. అతను చాలా సేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గర చెల్లెలి కొడుకు పంచెల ఫంక్షన్ ఉంది, పోకపోతే ఏమనుకుంటారో అని అతని బాధ. ఉన్నాడు. ఫంక్షన్‌కు పోలేదు. లేబర్ మినిస్ట్రీలో ఫిర్యాదు పెట్టాం. మొదటిసారి పిలిస్తే కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. రెండోసారి వచ్చారు. అతని దగ్గర చేరినప్పటి కాంట్రాక్టు కాగితం ఉంది, పాత జీతం స్లిప్పులు ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాడు. ఆ డబ్బా టేబుల్ మీద పెట్టాక ఎక్కువ వాదన జరగలేదు. రెండు విడతల్లో ఇచ్చారు. రెండో విడత పడ్డాకే విమానం ఎక్కాడు.

అందరికీ అలా జరుగుతుందని చెప్పను. కాగితాలు లేని వాళ్ల పని చాలా కష్టమైంది. ఇంకో సంగతి, దేశం వెళ్లిపోయాక తీరిగ్గా చూద్దాం అనుకోకండి. కాంట్రాక్టు ముగిసిన నాటి నుంచి ఏడాది లోపల దావా వేయకపోతే ఆ హక్కు చెల్లదు. ఊళ్లో కూర్చుని ఇక్కడ కేసు నడపడం ఎంత కష్టమో వేరే చెప్పాలా.

కాబట్టి పోయే ఆలోచన ఇప్పుడు లేని వాళ్లు కూడా ఈ నెలలోనే ఒక పని చేయండి. 2024 ఫిబ్రవరి ఆఖరుదాకా నా సర్వీసు ఎంత, నా ఇండెమ్నిటీ ఎంత అని కంపెనీని రాతలో అడగండి. గొడవలాగా అడగొద్దు. మర్యాదగా ఒక ఈమెయిల్ చాలు. జవాబు వస్తే ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. జవాబు రాకపోతే మీరు అడిగినట్టు మీ దగ్గర ఉంటుంది, అదీ పనికొస్తుంది. అకౌంట్స్‌లో కూర్చున్న వాడిగా చెప్తున్నా, రాసి అడిగిన మనిషి ఫైలుకూ నోటితో అడిగిన మనిషి ఫైలుకూ మా దగ్గర చాలా తేడా ఉంటుంది.

రెండోది, జీతం పట్టీ. విదేశీ కార్మికుడి జీతంలోంచి గోసీ కోసం కోయాల్సింది ఒక్క శాతమే. అది నిరుద్యోగ బీమాకు. పని ప్రమాదాల బీమాకు 3 శాతం కంపెనీ కట్టాలి, ఇండెమ్నిటీ 4.2 గానీ 8.4 గానీ అదీ కంపెనీయే కట్టాలి. ఈ వాటా మీ జీతంలోంచి తీయకూడదు. 'కొత్త రూలు వచ్చింది, అందుకే కట్ అవుతోంది' అని ఎవరైనా చెప్తే స్లిప్పు తీసుకుని మా దగ్గరికి రండి. 120 జీతానికి దినారూ 200 ఫిల్సులు కట్ అయితే సరే. పది దినార్లు కట్ అయితే అది తప్పు.

మూడోది, మీ పేరు మీద గోసీలో ఎంత జీతం నమోదైందో కనుక్కోండి. కాంట్రాక్టులో ఒకటి, అక్కడ ఒకటి ఉంటే, కట్టే వాటా ఆ తక్కువ అంకె మీదే పడుతుంది. జీతం పెరిగినప్పుడు అక్కడ కూడా పెరిగిందా లేదా అన్నది చాలామంది చూసుకోరు.

కంపెనీ మారే వాళ్లకు ఒక మాట. ఒక దగ్గర మానేసి ఇంకో దగ్గర చేరితే పాత సర్వీసు అక్కడితో ముగిసినట్టు. దాని హిసాబు అప్పుడే తీసుకోవాలి. కొత్త దగ్గర మళ్లీ మొదటి మూడేళ్ల లెక్కే మొదలవుతుంది. పది దినార్లు ఎక్కువని మారేటప్పుడు ఇదీ కూడికలో వేసుకోండి. ఎనిమిదేళ్లు చేసిన వాడు మారితే, అతని వాటా సగానికి పడుతుంది.

పోయేటప్పుడు గోసీ డబ్బుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. బ్యాంకు ఖాతా ఐబాన్ నంబరు కావాలి, అది మీ సొంత పేరు మీద ఉండాలి. డబ్బు పడేదాకా ఖాతా మూసేయకండి, సిమ్ పడేయకండి. మనవాళ్లు ఎయిర్‌పోర్టులోనే సిమ్ తీసి తమ్ముడికి ఇచ్చి పోతారు. ఆ తర్వాత ఓటీపీ ఎవరికి వస్తుంది?

ఇళ్లలో పనిచేసే అక్కాచెల్లెళ్లు, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన వాళ్లు, మా సంగతేంటి అని పొద్దున్నే అడిగారు. సూటిగా చెప్తా. ఈ నెలనెలా కట్టే పద్ధతి మీకు వర్తించదు, ఎందుకంటే ఇంటి పనివాళ్లు గోసీ కిందికి రారు. కానీ ఇండెమ్నిటీ హక్కు మీకూ ఉంది. 2012 చట్టంలో ఇంటి పనివాళ్లకు కొన్ని సెక్షన్లే వర్తిస్తాయి, వాటిలో ఇండెమ్నిటీ సెక్షన్ ఒకటి. మీరు అడగాల్సింది ఇంటి యజమానినే. ఆరేళ్లు చేసి, మేడమ్ మంచిది, గొలుసు పెట్టింది అని వచ్చేయకండి. గొలుసు బహుమతి, హిసాబు హక్కు. రెండూ తీసుకోండి. ఇక సొంతంగా పర్మిట్ తీసుకుని తిరిగే తమ్ముళ్లకు, కట్టే యజమాని లేడు కాబట్టి ఇదేదీ లేదు. ఎక్కువ రోజుకూలి వస్తోందని సంతోషపడేటప్పుడు అది గుర్తుంచుకోండి.

పక్క దేశాల సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తా, మీ తమ్ముళ్లు, బావలు అక్కడ ఉన్నారు కాబట్టి. ఒమన్ 2023లో కొత్త సామాజిక రక్షణ చట్టం తెచ్చింది. విదేశీ కార్మికుల గ్రాట్యుటీ బదులు యజమాని బేసిక్ మీద 9 శాతం ఒక పొదుపు నిధికి కట్టాలని అందులో ఉంది, అమలు తేదీని మాత్రం ముందుకు జరిపారు. ఎమిరేట్స్‌లో 2023లోనే ఇలాంటి పొదుపు పథకం పెట్టారు, కానీ చేరడం కంపెనీ ఇష్టం. అంటే గాలి ఒకే వైపు వీస్తోంది. అందరికంటే ముందు తప్పనిసరి చేసి అమల్లో పెట్టింది మనం ఉన్న ఈ చిన్న దేశమే.

ఇంతవరకూ మంచి చెప్పాను. ఇప్పుడు చేదు. ఇది పింఛను కాదు.

పేపర్లో 'విదేశీ కార్మికులకు సోషల్ సెక్యూరిటీ' అని రాగానే మా రూమ్‌లో ఒక పెద్దాయన, 'ఇక ముసలితనంలో నెలనెలా వస్తదన్నమాట' అన్నాడు. ఆయనకు యాభై ఆరు. లేదు పెద్దన్నా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాలి కదా. ఒక్కసారి ఇచ్చే డబ్బు ఇది. 120 బేసిక్ మీద ఇరవై అయిదేళ్లు చేసిన మనిషికి పాత పద్ధతి లెక్కన 2,820 దినార్లు వస్తాయి. దినారు 220 రూపాయలు వేసుకుంటే ఆరు లక్షల ఇరవై వేలు. ఇరవై అయిదేళ్లకు అంతే. ఇల్లు మీద స్లాబ్ వేసి, ఉన్న అప్పు తీర్చేసరికి అయిపోతుంది. ఆ తర్వాత ఆయనకు ఇంకో ఇరవై ఏళ్ల బతుకు ఉంటుంది.

మా ఇంటి సంగతే చెప్తా. మా ఆవిడ జగిత్యాల దగ్గర మా ఊళ్లో బీడీలు చుడుతుంది. ఆమెకు పీఎఫ్ నంబరు ఉంది. పీఎఫ్‌తో పాటు 1995 నాటి పింఛను పథకంలో పేరుంది, పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పింఛను, కనీసం నెలకు 1,000 రూపాయలు. అదీగాక రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు 2,016 రూపాయల ఆసరా ఇస్తోంది. తక్కువే. కానీ నెలనెలా. గల్ఫ్ మొగుడు అని ఊళ్లో నాకు పేరు, పింఛను ఉన్నది మాత్రం ఆమెకు. ఒకసారి ఫోన్లో అదే మాట ఆమె అన్నది, నవ్వుతూనే అన్నది. అప్పటినుంచి నేను దీని గురించి కాగితాలు చదవడం మొదలుపెట్టాను.

మన ప్రభుత్వం చేయలేదా అంటే ఒకసారి చేసింది. 2012లో గల్ఫ్ లాంటి దేశాలకు పోయే కార్మికుల కోసం మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని పెట్టారు. మనం పింఛనుకు దాచుకుంటే ప్రభుత్వం ఏటా 1,000 రూపాయలు కలిపేది, ఆడవాళ్లకు ఇంకో వెయ్యి ఎక్కువ. మనలో ఎందరు చేరారు? నేను చేరలేదు. ఆ పేరే నేను ఆలస్యంగా విన్నాను. 2017లో మూసేశారు. జనం చేరలేదు కాబట్టి మూసేశామంటారు. జనానికి చెప్పిందెవరు అని నా ప్రశ్న.

జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, ఆస్ట్రేలియా లాంటి దేశాలతో మన దేశానికి సోషల్ సెక్యూరిటీ ఒప్పందాలున్నాయి. అక్కడ కట్టిన సర్వీసు లెక్కలోకి వస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఒక్క దానితోనూ అలాంటి ఒప్పందం లేదు. లక్షల మంది ఉన్నది ఇక్కడ, ఒప్పందాలున్నది అక్కడ. ఎంబసీ ఓపెన్ హౌస్‌కు పోయినప్పుడు మన ఫోరం తరఫున ఇది అడగాలని నా ప్రతిపాదన, కమిటీ వాళ్లు రాసుకోండి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి రెండు మూడు. ఎన్నారైలు ఎన్‌పీఎస్‌లో ఖాతా తెరవొచ్చు. చాలా ఏళ్ల దాకా పెద్దగా కదిలించడానికి వీలుండదు, అదే దాని కష్టం, అదే దాని లాభం కూడా. చిట్టీలో వేసిన డబ్బు బావమరిది అడిగితే ఇచ్చేస్తాం, ఇది ఇవ్వలేం. ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో కంపెనీలో చేసిన వాళ్లు పీఎఫ్ డబ్బుతో పాటు పింఛను డబ్బు కూడా తీసేసుకోకండి. పదేళ్లు నిండకపోయినా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ సర్వీసు బతికే ఉంటుంది, రేపు తిరిగి పోయి అక్కడ పనిలో చేరితే దానికి కలుస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చిన వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పైన పన్ను. ప్రమాదంలో పోతే 10 లక్షలు. వచ్చేటప్పుడు ఏజెంటు కట్టించాడు, అంతటితో మర్చిపోయాం. గడువు తీరాక ఆన్‌లైన్‌లో మళ్లీ కట్టుకోవచ్చు, ఎక్కువమందిది తీరిపోయే ఉంటుంది.

చివరగా ఒకటి. మూడేళ్ల కింద మా క్యాంపులో ఒక మేస్త్రి నిద్రలోనే పోయాడు. శవం పంపడానికి అందరం తిరిగాం, చందాలు వేసుకున్నాం. హిసాబు సంగతి నలభై రోజుల దాకా ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. ఆయన భార్యకు అలాంటి డబ్బు ఒకటుంటుందనే తెలియదు. చనిపోయినా ఆ డబ్బు వారసులకు చెందుతుంది. తర్వాత ఎలాగో రాబట్టాం గానీ, పాస్‌పోర్టులో ఆమె పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉండటం వల్ల నెలలు పట్టింది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ సీపీఆర్ నంబరు, కంపెనీ పేరు, చేరిన తేదీ, బేసిక్ జీతం ఈ నాలుగూ ఇంటావిడతో ఒక నోటుబుక్కులో రాయించండి. ఎందుకు అని అడుగుతుంది, భయపడుతుంది. ఏం లేదు, మీటింగ్‌లో చెప్పారు అని నా మీద వేయండి.

భోజనాలయ్యాక వెనక మూల టేబుల్ దగ్గర కూర్చుంటాను. కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పు ఫోన్లో ఉన్నవాళ్లు తీసి పెట్టుకుని రండి, ఒక్కొక్కరిది లెక్క వేసి ఇస్తాను. అస్కర్ బస్సు నాలుగున్నరకు కదులుతుందట, ఆ క్యాంపు వాళ్లు ముందు రండి.